విశాఖ నుంచి విన్నిపెగ్ దాకా: చలికాలంలో తేనెపెట్టెలు, తరచుగా అడిగే ప్రశ్నలు

మాది అడివివరం, సింహాచలం కొండ పక్క. ఇంటి వెనక ఆరు పెట్టెలు, అరకు దగ్గర తెలిసినవాళ్ల తోటలో మరో పది. అన్నీ మన నాటు ఈగలే, తొర్రల్లో పుట్టల్లో పట్టు పెట్టే పుట్టతేనె ఈగలు. మా బావమరిది కెనడాలో విన్నిపెగ్‌లో ఉంటాడు, అక్కడ జనవరిలో మైనస్ 30 అంటే ఎవరూ ఆశ్చర్యపోరు, అలాంటి చోట పెరట్లో రెండు ఇటాలియన్ ఈగల పెట్టెలు పెట్టుకున్నాడు. వాడికి చలికాలంలో పెట్టెలు పోయేవి, నాకు వానాకాలంలో పోయేవి. ఇద్దరికీ పోయింది ఒకే తప్పు వల్ల అని తెలియడానికి ఆరేళ్లు పట్టింది: కష్టకాలానికి సర్దాల్సినవి కష్టం వచ్చాక సర్దుతున్నాం. అమెరికా, కెనడాల్లో కొత్తగా ఈగలు పెంచుతున్న మనవాళ్లూ, ఆ దేశాల వీడియోలు చూసి ఇక్కడ పెట్టెలకు దుప్పట్లు కప్పేవాళ్లూ నన్ను అడిగేవన్నీ ఇక్కడ రాస్తున్నాను.

చలికి తేనెటీగలు చచ్చిపోవా?

నిండుగా, ఆరోగ్యంగా ఉన్న పెట్టె ఒక్క చలికే పోవడం అరుదు. ఆకలికి పోతాయి, తడికి పోతాయి, నల్లి (ఈగల ఒంటికి అంటుకుని పీల్చే వరోవా అనే చిన్న పురుగు) పట్టి పోతాయి, నింద మాత్రం చలి మీద పడుతుంది. బయట 14 డిగ్రీల కంటే కిందకు దిగేసరికి ఈగలన్నీ పట్ల మధ్య ఒకదాన్నొకటి అంటిపెట్టుకుని ముద్ద కడతాయి. పైవరుసలోవి తలలు లోపలికి పెట్టి కప్పులా నిలబడతాయి, లోపలివి రెక్కలు ఆడించకుండానే రెక్కల కండరాలను వణికించి వేడి పుట్టిస్తాయి. ముద్ద అంచున 10 డిగ్రీలు ఉంటే నడుమ 25, 30 దాకా ఉంటుంది, పిల్లలుంటే 34, 35కి తీసుకెళ్తాయి. భోగిమంట చుట్టూ మూగిన జనంలా అనుకోండి, కాకపోతే ఇక్కడ మంట కూడా వాళ్లే, కట్టెలు తేనె. చలికాలమంతా నిద్రపోతాయని చాలామంది అనుకుంటారు, అది తప్పు, మేలుకునే ఉంటాయి, కొద్దికొద్దిగా తింటూ. ఇంకో సంగతి, అవి పెట్టె మొత్తాన్ని వేడి చేయవు, తమ ముద్దను మాత్రమే చేసుకుంటాయి.

ఎంత తేనె ఉంచాలి?

కెనడా, ఉత్తర అమెరికా చలికి ఒక్కో పెట్టెకు 27 నుంచి 40 కిలోలు. అవును, సరిగ్గానే చదివారు. నా పెట్టె ఒకటి ఏడాది మొత్తానికి నాకిచ్చేది నాలుగైదు కిలోలు, వాడి పెట్టె తినడానికే అంత కావాలంటే మొదట నేనూ నమ్మలేదు. పెద్ద ఫ్రేమ్, అంటే ఈగలు పట్టు కట్టే చెక్క చట్రం, రెండు వైపులా మైనపు మూత వేసిన తేనెతో నిండితే దాదాపు రెండున్నర, మూడు కిలోలు ఉంటుంది, దాన్నిబట్టి లెక్క వేసుకోండి. రోజూ తెరిచి చూడక్కర్లేదు, పెట్టె వెనక అంచు పట్టుకుని బెత్తెడు లేపితే బరువు తెలిసిపోతుంది. బావమరిది భాషలో చెప్పాలంటే నిండిన గ్యాస్ సిలిండర్‌ను వంచినట్టు ఉండాలట. ఆశకొద్దీ సెప్టెంబరులో చివరి ఫ్రేమ్ దాకా పిండుకుని, తర్వాత పంచదార పోసి సరిపెడదామనుకునేవాళ్లకు నా సలహా ఒక్కటే, ఆ చివరి రెండు ఫ్రేములు వదిలేయండి.

పంచదార పాకం ఎలా పెట్టాలి? బెల్లం పెట్టొచ్చా?

బెల్లం వద్దు, నల్లబెల్లం అసలు వద్దు. బెల్లంలో ఖనిజాలు, మలినాలు ఎక్కువ, వాటివల్ల ఈగ కడుపులో మలం పేరుకుంటుంది. చలికాలంలో ఈగ పెట్టెలో రెట్ట వేయదు, బయటకు ఎగరగలిగే రోజు వచ్చేదాకా వారాల తరబడి ఆపుకుంటుంది. ఆపుకోలేకపోతే లోపలే విరేచనాలు, పట్లన్నీ గోధుమరంగు చారలు, ఆ తర్వాత రోగం. అందుకే తెల్ల పంచదార ఒక్కటే.

చలికి ముందు, అంటే అక్కడి సెప్టెంబరు, అక్టోబరులో, రెండు పాళ్ల పంచదారకు ఒక పాలు నీళ్లు, చిక్కగా. వసంతంలో సమపాళ్లు, పలచగా, అది పూల మకరందంలా అనిపించి రాణి గుడ్లు పెట్టడం పుంజుకుంటుంది. బయట 10 డిగ్రీల కంటే తగ్గాక పాకం పెట్టి లాభం లేదు, ముద్దను వదిలి వచ్చి తాగలేవు, పైగా పెట్టెలో తేమ పెరుగుతుంది. అప్పటికీ తిండి చాలదనిపిస్తే ఫ్రేముల మీద న్యూస్‌పేపర్ పరిచి, దానిమీద పొడి పంచదార పోసి, నీళ్లు చిలకరించండి. గట్టి పలకలా మారుతుంది, ముద్ద పైకి పాకి వచ్చి దాన్నే నాకుతుంది. షాపులో కొన్న తేనె మాత్రం ఎప్పుడూ పెట్టకండి. ఫౌల్‌బ్రూడ్ అనే పిల్లల కుళ్లు రోగం బీజాలు తేనెలో దశాబ్దాల పాటు బతుకుతాయి, మనిషికి ఏమీ కాదు, మీ పెట్టెకు మాత్రం అంతే.

చలికాలం పనులు ఎప్పుడు మొదలుపెట్టాలి?

ఆగస్టులో. నవ్వొచ్చినా సరే, ఆగస్టులోనే.

ఎందుకంటే చలికాలం గడిపే ఈగలు వేరే రకం. వేసవి కూలి ఈగ ఆరు వారాలు బతికితే గొప్ప. శరదృతువులో పుట్టే ఈగలు ఒంట్లో కొవ్వు, మాంసకృత్తులు నిల్వ చేసుకుని ఐదారు నెలలు బతుకుతాయి, మార్చిలో మొదటి పిల్లలకు పెట్టేది కూడా ఆ నిల్వల్లోంచే. ఆ ఈగలు పురుగు దశలో ఉన్నప్పుడు వరోవా నల్లి కుట్టిందా, ఒంట్లో నిల్వ ఉండదు, పైగా రెక్కలు ముడుచుకుపోయే వైరస్ పడుతుంది. పైకి పెట్టె కిటకిటలాడుతూనే ఉంటుంది, డిసెంబరుకల్లా సగం, ఫిబ్రవరికల్లా పిడికెడు. బావమరిది మొదటి రెండు చలికాలాల్లో పోగొట్టుకున్నది ఇలాగే, చలి పడ్డాక మందు పెట్టాడు, నల్లులు చచ్చాయి, కానీ దెబ్బతిన్న ఈగలు దెబ్బతిన్నట్టే ఉన్నాయి.

లెక్కపెట్టడం కష్టమేమీ కాదు. పిల్లలున్న పట్టు మీంచి అరకప్పు ఈగలు, అంటే దాదాపు 300, రాణి వాటిలో లేదని ఒకటికి రెండుసార్లు చూసుకుని, స్పిరిట్‌లో వేసి కుదిపి వడకట్టండి. తొమ్మిది నల్లులు దాటితే, అంటే నూటికి మూడు, మందు పెట్టాల్సిందే. చాలామంది రెండుకే పెట్టేస్తారు, అదీ మంచిదే. ఆగ్జాలిక్ యాసిడ్ అయితే ఈగల ఒంటి మీదున్న నల్లుల్నే చంపుతుంది, మూత వేసిన గదుల్లోని వాటిని అంటదు, అందుకే పిల్లలు లేని నవంబరు, డిసెంబరులో వాడతారు. డోసు, పద్ధతి మీ ప్రాంతపు లేబుల్ మీద ఉన్నట్టే చేయండి, మాస్కు, గ్లౌజులు తప్పనిసరి.

ఈ నల్లికీ మనకూ చుట్టరికం ఉంది. ఇది పుట్టింది మన ఆసియా నాటు ఈగ మీదే. మన ఈగ దానితో బతకడం నేర్చుకుంది, నల్లి మన దగ్గర ఎక్కువగా పోతు ఈగల గదుల్లోనే పిల్లలు పెడుతుంది, ఈగలు దాన్ని ఒంటి మీంచి పీకి కొరికేస్తాయి కూడా. ఐరోపా ఈగను (ఇటాలియన్ ఈగ దాని రకమే) తూర్పు దేశాలకు తెచ్చి పక్కపక్కన పెట్టాకే నల్లి దాని మీదకు ఎక్కింది, దానికి ఈ విద్య రాదు. దీన్ని వేరే జాతిగా గుర్తించి వరోవా డిస్ట్రక్టర్ అని పేరు పెట్టింది 2000లో.

పెట్టెకు దుప్పటి చుట్టాలా?

విన్నిపెగ్‌లో చుట్టాలి, లేదా అక్కడ పెద్ద ఎత్తున పెంచేవాళ్లలో చాలామంది చేసేట్టు 4, 5 డిగ్రీలు ఉండే చీకటి షెడ్డులో పేర్చాలి. కానీ చుట్టడం కంటే ముఖ్యం తడి. ఈగలు తేనె తింటే ఆవిరి వస్తుంది, ఆ ఆవిరి చల్లటి మూతకు తగిలి నీళ్లై ముద్ద మీద బొట్టు బొట్టుగా పడుతుంది. పొడిగా ఉన్న ముద్ద మైనస్ 30ని తట్టుకుంటుంది, తడిసిన ముద్ద తట్టుకోలేదు. పైన చిన్న కన్నం, మూత కింద మందంగా అట్ట లేదా చెక్కపొట్టు పోసిన పెట్టె, పెట్టె మొత్తం ముందుకు కొద్దిగా వాలి ఉండటం, ఈ మూడూ చేస్తే చాలు. కింది గుమ్మానికి ఎలుక దూరని జాలీ బిగించండి, చలికాలం ఎలుకకు వెచ్చటి ఇల్లు, వండి పెట్టిన భోజనం రెండూ అక్కడే దొరుకుతాయి మరి.

మంచు మీద చచ్చిన ఈగలు కనిపిస్తున్నాయి, పెట్టె పోయినట్టేనా?

కాదు, అది మంచి గుర్తే. లోపల బతికున్నవి చచ్చినవాటిని బయటకు లాగి పడేస్తున్నాయని అర్థం. ఎండ కాసి 10 డిగ్రీలు దాటిన రోజు ఈగలు గబగబా బయటకొచ్చి, మంచు మీద పసుపు చుక్కలు వేసి లోపలికి పోతాయి, కొన్ని తిరిగి రాలేక పడిపోతాయి. గుమ్మం ముందు ఒక్క ఈగ కూడా కనిపించకపోతేనే టెన్షన్ పడాలి.

చలికాలంలో పెట్టె తెరవొచ్చా?

తెరవకండి. చెవి ఆనించి వేలి కణుపుతో ఒక్కసారి తట్టండి. గుయ్యిమని లేచి రెండు క్షణాల్లో అణిగిపోతే బాగున్నట్టు. మూలుగులా సాగుతూ ఉంటే రాణి లేదేమో అని అనుమానం. ఏ చప్పుడూ లేకపోతే ఇంకోవైపు తట్టి చూడండి, ముద్ద ఆ వైపున ఉండొచ్చు.

తేనె ఉండగానే ఆకలికి ఎందుకు చచ్చాయి?

ఇది నేను వీడియో కాల్‌లో కళ్లారా చూశాను. మార్చి రెండో వారం, వాడు మూత తీసి ఫ్రేమ్ పైకెత్తాడు. అరచేయంత వెడల్పున ఈగలు, ఒక్కో ఈగా ఒక్కో గదిలో తల దూర్చి, తోకలు మాత్రమే బయటకు, వరుసగా, కదలకుండా. గది అడుగున చివరి చుక్క కోసం నాకుతూ పోయాయి. పక్క ఫ్రేములో, జానెడు దూరంలో, మూత కూడా తీయని తెల్లటి తేనె పలక. వాడు కాసేపు మాట్లాడలేదు, తర్వాత "పక్కనే ఉంది కదా బావా" అన్నాడు.

జరిగేది ఇది: ముద్ద చిన్నదైపోతే, పైగా కొత్తగా పిల్లలు కూడా ఉంటే, గట్టి చలి వారం పట్టి ఉన్నప్పుడు పిల్లల్ని వదిలి పక్క పట్టుకు కదలలేదు. చలికి ముందే తేనె ఫ్రేములను ముద్దకు పైనా పక్కలా ఆనించి ఉంచాలి, దూరంగా మూలన కాదు. బలహీనమైన రెండు పెట్టెల్ని అక్టోబరులోనే ఒకటిగా కలిపేయడం అంతకంటే మంచి పని. రెండూ బతుకుతాయిలే అని చూస్తే రెండూ పోతాయి.

కెనడాలో ఇంకో చిక్కు కనోలా తేనె, మన ఆవాల చుట్టమే. పట్టులోనే రాయిలా పేరుకుపోతుంది, దాన్ని కరిగించుకోవడానికి ఈగకు నీళ్లు కావాలి, చలిలో నీళ్లెక్కడివి? శరత్కాలంలో పెట్టిన పాకం ముద్దకు దగ్గరగా ఉంటే ఈ బాధ తగ్గుతుంది.

చలి తగ్గాక మార్చి, ఏప్రిల్‌లో పెట్టెలు పోతున్నాయేంటి?

అసలు గండం అప్పుడే. పొద్దు పెరగడం మొదలయ్యాక రాణి మళ్లీ గుడ్లు పెడుతుంది, నడుమ వేడి 35కి పెంచాలి, తిండి ఖర్చు ఒక్కసారిగా ఎగబాకుతుంది, బయట ఇంకా పువ్వు లేదు. ముసలి ఈగలు రోజూ రాలిపోతుంటాయి, కొత్తవి రావడానికి గుడ్డు నుంచి 21 రోజులు. ఫిబ్రవరి నుంచీ పెట్టె బరువు వారానికోసారి చూస్తూ ఉండండి. పుప్పొడి పిండి ముద్దలు మరీ తొందరగా పెట్టి రాణిని ఉసిగొల్పకండి, పిల్లలు పెరిగిపోయాక మళ్లీ చలి కొడితే కప్పడానికి ఈగలు చాలవు, పిల్లలు చల్లబడి పోతారు.

వసంతంలో మొదటిసారి తెరిచాక ఏం చూడాలి?

15 డిగ్రీలు దాటి, గాలి లేని మధ్యాహ్నం తెరవండి. రాణిని వెతుకుతూ కూర్చోవద్దు, గది అడుగున నిటారుగా నిలబడ్డ గుడ్డు కనిపిస్తే రాణి మూడు రోజుల్లోపు అక్కడికి వచ్చినట్టే. తేనె ఎంత ఉందో చూడండి, అడుగు పలక మీద చచ్చిన ఈగల్ని ఊడ్చేయండి, మూసేయండి. పది నిమిషాలు చాలు.

విల్లో, మేపుల్, తర్వాత డాండెలయన్ పూసేసరికి జోరందుకుంటాయి, అప్పుడిక గోల వేరు, పెట్టె ఇరుకై గుంపు చీలిపోతుంది. రాణి గది గుడ్డు నుంచి రాణి బయటకు రావడానికి 16 రోజులు, గది ఎనిమిదో తొమ్మిదో రోజున మూత పడగానే పాత రాణి సగం ఈగలతో లేచిపోతుంది. అందుకే ఆ నెలలో వారానికోసారి ఫ్రేముల కింది అంచులు చూడాలి. వేరుశనగ కాయలా వేలాడే గదులు, లోపల పురుగుతో, కనిపిస్తే వాటిని నలిపేసి చేతులు దులుపుకుంటే సరిపోదు, నాలుగు రోజుల్లో మళ్లీ కడతాయి. పాత రాణితో సగం ఫ్రేములను వేరే పెట్టెలోకి మార్చి మీరే చీల్చేయడం మేలు.

అరకు, లంబసింగి చలికి మన పెట్టెలకు ఏం చేయాలి?

దాదాపు ఏమీ చేయక్కర్లేదు. లంబసింగిలో తెల్లవారుజామున సున్నా దగ్గరకు వెళ్లినా పది గంటలకల్లా ఎండ వస్తుంది, ఈగలు బయలుదేరతాయి. గుమ్మం తూర్పుకు పెట్టండి, మూత కారకుండా చూడండి, పొగమంచు విడిచేదాకా తెరవకండి. అంతే. అసలు మన్యంలో చలికాలమే పండగ. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వలిసెలు పూస్తాయి, జనం ఫొటోలు దిగే ఆ పసుపు పొలాలే. వలిసె తన పుప్పొడితో తాను గింజ కట్టదు, వేరే మొక్కది కావాలి, కాబట్టి మీ పెట్టె అక్కడుంటే రైతుకూ లాభమే, ముందు మాట్లాడుకుంటే కాదనరు. తర్వాత వేసవి జల్లు పడ్డాక మార్చి, ఏప్రిల్‌లో కాఫీ తెల్లగా విరగబూస్తుంది, నాలుగైదు రోజుల ముచ్చట.

విదేశీ వీడియో చూసి నేనొక డిసెంబరులో అక్కడి పెట్టెల గుమ్మాలు ఇరికించి, పైన తేనె గది తీసేసి, గోనె చుట్టి వచ్చాను. నిండు వలిసె పూతలో! పది రోజుల తర్వాత వెళ్లేసరికి చోటు చాలక రెండు పెట్టెల్లోంచి గుంపులు లేచిపోయాయని తోట యజమాని నవ్వుతూ చెప్పాడు.

మరి విశాఖలో కష్టకాలం ఏది?

వానాకాలం. జూన్ చివర్నుంచి సెప్టెంబరు దాకా. చింత, కానుగ పూత అయిపోతుంది, వాన మకరందాన్ని కడిగేస్తుంది, ఈగ గుమ్మం దాటలేదు, సముద్రపు తేమ ఒకటి. విన్నిపెగ్‌లో నవంబరు నుంచి మార్చి దాకా జరిగేది మనకు ఈ మూడు నెలల్లో జరుగుతుంది, మంచు లేదంతే. మొదటి ఏడాది జూలైలో నేను పెట్టెల వంక కూడా చూడలేదు. సెప్టెంబరులో తెరిస్తే అరచేయంత ఈగలు, కింది సగం పట్లన్నీ మైనపు పురుగు గూళ్లు, నల్ల ఆవాల్లాంటి రెట్ట. మర్నాడు ఆ పిడికెడూ వేపకొమ్మకు వేలాడి, మధ్యాహ్నానికి కొండ మీదకు వెళ్లిపోయాయి. నాటు ఈగ విసిగితే చావదు, పెట్టె వదిలి పోతుంది.

ఇప్పుడు మే నెలలో పూర్తిగా పిండను, రెండు ఫ్రేములు వదిలేస్తాను. ఈగలు కప్పలేని పట్లు తీసేస్తాను. వారానికి రెండుసార్లు, చీకటి పడ్డాక, గ్లాసుడు సమపాళ్ల పాకం, ఒక్క చుక్క బయట ఒలకకుండా. ఒలికితే పక్క పెట్టెల ఈగలు దోపిడీకి దిగుతాయి, ముందు చీమలు వస్తాయి. స్టాండు కాళ్ల కింద నీళ్ల గిన్నెలు ఎండిపోకుండా చూసుకోండి.

విశాఖలో ఇటాలియన్ ఈగలు పెంచొచ్చా?

పెంచొచ్చు, కానీ పువ్వు వెంట పెట్టెలు తిప్పే ఓపిక ఉంటేనే. మన దేశంలో ఇవి నిలదొక్కుకున్నది 1962లో ఇప్పటి హిమాచల్ ప్రదేశ్‌లోని నగ్రోటాలో మొదలుపెట్టాక. 1991, 92ల్లో థాయ్ శాక్‌బ్రూడ్ వైరస్ దక్షిణాదిలో నాటు ఈగల్ని ఊడ్చేసినప్పుడు చాలామంది వీటికి మారారు. మేడ మీద ఒకటి రెండు పెట్టెలకైతే నాటువే హాయి.

చలికి తేనె పేరుకుంది, కల్తీనా?

కాదు. 14 డిగ్రీల చుట్టుపక్కల తేనె తొందరగా పేరుకుంటుంది, అరకు ఇంట్లో డిసెంబరులో పేరుకోకపోతేనే వింత. విశాఖలో చాలామంది చిన్నప్పటి నుంచి జీసీసీ (గిరిజన సహకార సంస్థ) వాళ్ల గిరిజన తేనె తాగి పెరిగాం. అడవి తేనెలో నీటి పాలు ఎక్కువ కాబట్టి అది అంత తొందరగా గడ్డకట్టదు, దాంతో పేరుకున్న తేనె చూస్తే అనుమానం. సీసాను చెయ్యి పెట్టగలిగేంత వేడినీళ్లలో ఉంచండి, పొయ్యి మీద పెట్టకండి.

పెట్టె పోయింది, ఆ పట్లు మళ్లీ వాడుకోవచ్చా?

ముందు ఎందుకు పోయిందో చూడండి. మూత కుంగిన గదిలో అగ్గిపుల్ల గుచ్చి లాగితే బంకలా తీగ సాగిందంటే ఫౌల్‌బ్రూడ్, ఆ పట్లు ఎవరికీ ఇవ్వకండి, మీ ప్రాంతపు తేనెటీగల అధికారికి చెప్పండి. ఆకలికి, తడికి పోయినవైతే చచ్చిన ఈగల్ని దులిపేసి వాడుకోవచ్చు, గదుల్లో ఇరుక్కున్నవాటిని కొత్త ఈగలే పీకి పడేస్తాయి. విన్నిపెగ్‌లో షెడ్డు చలికి మైనపు పురుగు బతకదు కాబట్టి మే దాకా అలాగే ఉంచొచ్చు. విశాఖలో ఖాళీ పట్టు రెండు మూడు వారాలు గదిలో పెడితే గూడు కట్టేస్తుంది, ఫ్రిజ్‌లో చోటు లేకపోతే ఆ రోజే కరిగించి మైనం తీసుకోండి. మా ఇంట్లో ఫ్రిజ్‌లో చోటు అడగడం మానేసి చాలా కాలమైంది.